ఇరవై ఆరు చింతగింజలు

మార్చి 24, 1953, మంగళవారం

మళ్ళీ ఓడిపోయాను. వరుసగా ఇది ఆరో రోజు.

నూలు కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి, మాకు నూలిచ్చి నేయించుకునే సాహుకారుకు రెండు డైరీలిస్తే ఒకటి నాకు పడేశాడు. జనవరి నుంచి ఇందులో మూడు పేజీలు కూడా నిండలేదు. నూలు రాలేదు, వాన రాలేదు అని రోజూ రాసుకోవడానికి డైరీ ఎందుకు? ఇప్పుడు రాయడానికి ఒక పని దొరికింది. ఆట నేర్చుకోవాలి. పొద్దుపోక కూర్చుని ఆడడం కాదు, పద్ధతిగా నేర్చుకోవాలి. వీధిలో అందరి ఉత్తరాలూ చదివిపెట్టేవాణ్ణి నేను. నాకు రాని ఆట పుల్లయ్యకు వస్తుందా?

పుల్లయ్య పటాలంలో చేరి బర్మా దాకా పోయి వచ్చాడు. ఒక కంబళి, ఒక కుంటికాలు, ఈ ఆట వెంట తెచ్చుకున్నాడు. పోకరు అంటాడు. మాకు అది పటాలం ఆట. మనిషికి ఐదు ముక్కలు. నచ్చనివి ఒకసారి మార్చుకోవచ్చు. ఆ తర్వాత చింతగింజలు పెంచుకుంటూ పోవాలి. భయపడినవాడు ముక్కలు పడేస్తాడు, చివరిదాకా నిలిచినవాడు గింజలన్నీ లాక్కుంటాడు. చేతిలో ఏముందన్నది కాదు, ఏముందని ఎదుటివాడు అనుకుంటున్నాడన్నదే ఆట అని రోజుకోసారి చెబుతాడు.

మధ్యాహ్నం ఎండకు మగ్గం మీద పోగులు పుటుక్కున తెగుతాయి కాబట్టి ఆ వేళ ఎలాగూ ఎవరూ నేయరు. నేయడానికి నూలంటూ ఉంటే కదా. రంగుల కొట్టం ఖాళీగా పడి ఉంది. అక్కడ నలుగురం చేరుతున్నాం. నేను, పుల్లయ్య, ఎదురింటి తిమ్మయ్య, నా చిన్ననాటి నేస్తం కాశన్న.

ఇకమీద పాటించవలసినవి.

ఒకటి, ముక్కలు చూసుకోగానే మొహం మారకూడదు.

రెండు, జత కూడా పడకపోతే మొదట్లోనే పడేయాలి. ఆశకు పోకూడదు.

మూడు, ఓడిన కోపంలో ఇంకో ఆట ఆడకూడదు.

నాలుగు, ఆట మధ్యలో కాశన్నతో మాటలు పెట్టుకోకూడదు. వాడు నవ్విస్తాడు.

మార్చి 25

మూడోది తప్పాను.

మార్చి 31

ఉత్త గింజలతో ఆడితే ఎవరికీ భయం లేదు, భయం లేనిచోట ఆట లేదు అన్నాడు పుల్లయ్య. నిజమే. పోనీ దుడ్లు పెడదామంటే నలుగురి మొలలు వెతికినా అర్ధరూపాయి దొరకదు. అప్పుడు తిమ్మయ్య నవ్వులాటకు ముయ్యిలు పెట్టి ఆడదామన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒక గింజకు ఒక ముయ్యి అని ఒప్పుకున్నాం. అంటే ఒక మనిషి ఒక పొద్దు ఇంకొకరి పడుగు దగ్గరికి, మగ్గమెక్కే నిలువు పోగుల పనికి, రావడం.

ఇంట్లో చెబితే అమ్మ చేతిలో రాట్నం ఆగిపోయింది. అమ్మకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. పడుగు వీధిలో పరిచి గంజి పట్టించే రోజు ఎనిమిది మంది కావాలి. మన ఇంట్లో ముగ్గురమే. అందుకని వాళ్ళు మన పడుగుకు వస్తారు, ఆ ముయ్యి తీర్చడానికి మనం వాళ్ళ పడుగుకు పోతాం. ఎవరు ఎవరికి ఎన్ని బాకీ అన్నది నోటి లెక్క. ఇప్పుడు వీధిలో పడుగులే లేవు. ఆ లెక్కలన్నీ ఊరికే పడి ఉన్నాయి. వాటితో కాసేపు ఆడుకుంటే ఎవడి సొమ్ము పోయింది?

అమ్మ అంతా విన్నది. "ముయ్యి ఎప్పుడూ సరికి సరి కాగూడదు నాయనా. ఎవురో ఒకరి మీద ఒకటి మిగిలుండాల. అది ఉన్నన్నాళ్ళే ఒకరి గడప ఒకరం తొక్కేది" అన్నది. మళ్ళీ రాట్నం తిప్పుకుంది.

ముసలివాళ్ళకు ప్రతిదీ శాస్త్రమే.

ఏప్రిల్ 9

వీధిలో నాకు రావలసిన ముయ్యిలు పదకొండు ఉండేవి. ఈ రోజుతో అన్నీ పోయాయి. పైగా నేను పోవలసినవి మూడు.

చెబితే నా భార్య సుంకమ్మ విని పొయ్యి ఊదుకుంది. ఏమైనా అంటే బాగుండేది.

ఏప్రిల్ 10

నిద్ర పట్టలేదు. ఒకవేళ నూలు వస్తే? సాహుకారు ఉన్నట్టుండి పిలిచి పడుగు చేతిలో పెడితే, మా ముగ్గురితో గంజి పట్టేదెలా? గంజి తడి ఆరేలోగా నలుగురు కుంచెలతో ఆ కొస నుంచి ఈ కొస దాకా దువ్వుతూనే ఉండాలి. చేతులు తక్కువైతే పోగుకు పోగు అంటుకుని అట్ట కడుతుంది. అట్ట కట్టిన పడుగు పొయ్యిలోకి కూడా పనికిరాదు.

కాబట్టి గెలిచి తీరాలి. ఇది పొద్దుపోని ఆట కాదు, సంసారానికి సంబంధించిన పని. ఎదుటివాళ్ళను చదవాలి. మనిషి నోరు దాచుకుంటాడు గానీ ఒళ్ళు దాచుకోలేడు.

తిమ్మయ్యకు మంచి ముక్కలు పడితే గుటకలు మింగుతాడు. పుల్లయ్యకు పడితే కుంటికాలు చాపుతాడు, పడకపోతే ముడుచుకుంటాడు. కాశన్న ఇద్దరికంటే గట్టివాడు. మొహం మీద నవ్వు చెదరదు. అయితే వాడి సంగతి ఒకటి నాకు తెలుసు. చేతిలో ఏమీ లేనప్పుడు వాడి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి రాసుకుంటాయి. తెగిన పోగును ముడివేసేటప్పుడు మెలితిప్పుతామే, అచ్చం అలాగే. పదేళ్ళ వయసులో ఇద్దరం మా నాయన మగ్గం గుంతలోనే పని నేర్చుకున్నాం. పోగు తెగితే నాయన నెత్తిన మొట్టేవాడు. అప్పటి నుంచి వాడికి భయం వేసినప్పుడల్లా ఆ వేళ్ళు తిరుగుతాయి. ఇది పుల్లయ్యకు తెలియదు, తిమ్మయ్యకు తెలియదు. బహుశా వాడి భార్య అంజనమ్మకు కూడా తెలియదు.

ఇంకొకటి గమనించాను. కాశన్న ముక్కలు పడేస్తే మిగతా ఇద్దరూ పడేస్తారు. వాడి మీద వాళ్ళకు అంత గురి.

ఏప్రిల్ 12

గోడకున్న అద్దం ముక్క ముందు నిలబడి సాధన చేశాను. మొహం మాత్రమే పడుతుంది అందులో, అది చాలు. ఐదు ముక్కలు తీసి చూసుకోవడం, మొహం కదలకుండా ఉంచడం. ఇరవై సార్లు. సుంకమ్మను పిలిచి, నా మొహంలో ఏం కనిపిస్తోందో చెప్పమన్నాను.

"ఏం లేదు. ఈ మద్దెన ఎప్పుడు జూసినా ఏం లేదు" అన్నది.

బాగా కుదురుతున్నట్టే.

ఏప్రిల్ 21

గెలిచాను. చేతిలో ఒక్క జత కూడా లేదు. అయినా మొహం రాయి చేసుకుని నాలుగు గింజలు ముందుకు తోశాను. కాశన్న నా వైపు చూశాడు. అలా చూస్తూనే ముక్కలు పడేశాడు. వాడి వెనకే తిమ్మయ్య, పుల్లయ్య. ఏమీ లేని చేత్తో ఆరు ముయ్యిలు.

"గెలుపప్పా గెలుపు, నీకు పనికొస్తాయిలే" అన్నాడు కాశన్న.

సాధన చేస్తే రానిదంటూ ఏదీ లేదు.

ఏప్రిల్ 28

పోయిన పదకొండూ తిరిగి వచ్చాయి. ఆపేద్దామా అనుకున్నాను. చేయి తిరుగుతున్నప్పుడు ఆపేవాడు మూర్ఖుడు.

మే 19

కరువుకు సర్కారు పెట్టిన గంజి కేంద్రం నుంచి సుంకమ్మ, అమ్మ తెచ్చిన గంజి తాగి కొట్టానికి పోయాను. కేంద్రం దగ్గర వరసలో నిలబడమంటే నేను పోను. ఒకప్పుడు పడుగులకు కుండలకొద్దీ గంజి పోసినవాళ్ళం.

ఇప్పుడు ఆట వీధి మొత్తానికీ పాకింది. మేం నలుగురమే ఆడతాం గానీ, కాశన్నకు ఎవరెవరు బాకీ ఉన్నారో వాళ్ళ ముయ్యిలు కూడా గింజలుగా కూర్చుంటున్నాయి. కాశన్న అంటే అందరికీ ఇష్టం, వాడికి రావలసినవి చాలా ఉండేవి. ఉండేవి అని రాశాను. నా డబ్బాలో ఇప్పుడు పదిహేను గింజలు.

జూన్ 14

పంతొమ్మిది.

అమ్మ డబ్బా చూసి, కొన్ని వెనక్కి ఇచ్చెయ్ అన్నది. కాశన్నకైనా నాలుగు ఇవ్వమన్నది. వాడు అడగలేదు కదా అన్నాను. అడిగే మనిషా వాడు అన్నది.

ఐదో నియమం రాసుకుంటున్నాను. గెలిచినదాన్ని జాలితో వదలకూడదు. జాలి చూపిస్తే ఆట ఆట కాదు, బిచ్చం.

జులై 11, శనివారం

కొత్తగా వచ్చే ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అవుతుందట. ఆఫీసర్లు, వాళ్ళ ఆడవాళ్ళు అక్కడికి వస్తారు, మంచి చీరలు కొనే దిక్కు ఏర్పడుతుంది అని సాహుకారు హుషారుగా ఉన్నాడు. ఎనభై నెంబరు నూలు తెప్పించాడు. ఆరు నెలల తర్వాత వీధిలోకి వచ్చిన మొదటి సన్న నూలు. పడుగు కాశన్నకిచ్చాడు.

నాకు తువ్వాళ్ళ ముతక నూలు ఇచ్చాడు.

నేత నా కంటే కాశన్నది బాగుంటుంది, నిజమే. ఎప్పుడూ కాదనలేదు నేను. తువ్వాళ్ళయినా ఇచ్చాడు, చాలు.

జులై 13

కాశన్న ఇంటికి వచ్చాడు. శుక్రవారం వాడి పడుగు. వాడికి రావలసిన ముయ్యి వీధిలో ఒక్కటి కూడా మిగలలేదు, అన్నీ నా డబ్బాలో ఉన్నాయి. నేనూ శుక్రవారమే అనుకున్నాను. ఆషాఢం గాలి రోజురోజుకూ పెరుగుతోంది, ఆగితే నష్టం.

"నీది తువ్వాళ్ళ పడుగే గదా రామలింగా. ఒక్క పొద్దు ఆగు. సుక్రారం నాది కానీ, శనివారం నీది చేద్దాం. నేను గూడా వస్తా" అన్నాడు.

సాహుకారు గడువు పెట్టాడని చెప్పాను. సాహుకారు గడువేమీ పెట్టలేదు. ఎందుకు చెప్పానో తెలియదు. వాడు నా మొహం చూశాడు, నా మొహంలో ఏమీ కనిపించి ఉండదు. ఎనిమిది ముయ్యిలు కావాలంటే రేపు కొట్టానికి వచ్చి గెలుచుకోమన్నాను.

నవ్వుతూ అన్నాననే అనుకుంటున్నాను.

జులై 14

వచ్చాడు. పెట్టడానికి వాడి దగ్గర గింజలు లేవు. గెలిస్తే ఎనిమిది మందిని తీసుకుపోతాడు, ఓడితే వాడో అంజనమ్మో మా పడుగులకు ఏడు పొద్దులు వస్తారు. అదీ పందెం. పుల్లయ్య, తిమ్మయ్య ఆటలో దిగలేదు, చూస్తూ కూర్చున్నారు.

నాకు ఆర్ల జత పడింది. గట్టి పందానికి నిలబడే ముక్కలు కావు. మామూలుగా అయితే పడేసేవాణ్ణి. కాశన్న మూడు ముక్కలు మార్చుకున్నాడు, చూసుకున్నాడు, నవ్వు చెదరకుండా మొత్తం పందెం కాశాడు. నేను వాడి మొహం చూడలేదు. చెయ్యి చూశాను. వేళ్ళు తిరుగుతున్నాయి. లేని పోగును ముడివేస్తున్నాయి.

చూపించమన్నాను. వాడి చేతిలో ఏమీ లేదు.

పుల్లయ్య లేచి బయటికి పోయాడు. ఇంత బాగా ఆడినా మెచ్చుకోలేదు. ఓర్వలేనితనం.

ఇప్పుడు పంతొమ్మిదీ ఏడూ, ఇరవై ఆరు.

జులై 17, శుక్రవారం

తెల్లవారుజామున నాలుగు గంటలకే పడుగు పరిచాం. ఎనిమిది మంది కావలసిన చోట తొమ్మిది మంది వచ్చారు. గింజంటే గింజే, ఎవరూ కాదనలేదు. ఎప్పుడూ పాటలు పాడుకుంటూ చేసే పని, ఈ రోజు ఎవరూ పాట ఎత్తుకోలేదు. గంజి కలిపి పెట్టిన అమ్మ ఆ కుండలో సగం ఇంకో కుండలోకి వంచుకుని వీధి ఆ కొసకు పోయింది. అక్కడ కాశన్న పడుగు. వాడు, అంజనమ్మ, అంజనమ్మ అన్న, ముగ్గురే. అమ్మతో నలుగురు.

ఐదున్నరకే గాలి లేచింది.

మా పడుగు అప్పటికి మూడొంతులు అయింది. తిమ్మయ్య కుంచె ఆపి ఆ వైపు చూశాడు. ఇంకొంచెం ఉంది కానివ్వండి అన్నాను. సగంలో వదిలితే మాదీ పోతుంది కదా. అయిపోగానే అందరూ కుంచెలతో అటు పరిగెత్తారు, తమ గింజ వెనక్కి తీసుకోవడానికి కూడా ఎవరూ ఆగలేదు, అవి డబ్బాలోనే ఉండిపోయాయి. నేను నూనె పట్టించాల్సి ఉంది, ఆగిపోయాను. నూనె పట్టించకుండా వదలకూడదు.

ఆలస్యమైపోయింది. సన్న నూలు, ముతక నూలు మాదిరి కాదు. అంజనమ్మ ఒక్కో పోగునూ గోటితో విడదీస్తూ పడుగు కింద కూర్చుని ఉందని సుంకమ్మ చెప్పింది. విడదీసేకొద్దీ తెగుతున్నాయట.

జులై 18

గాలి నా చేతిలో లేదు.

జులై 20

సాహుకారు నూలు ఖరీదు కింద కాశన్న మగ్గం ఎత్తుకుపోయాడు. మధ్యాహ్నం బండి మా ఇంటి ముందు నుంచే పోయింది. తలుపు వేసుకున్నాను, దుమ్ము లోపలికి వస్తుందని.

గాలి నా చేతిలో లేదు. ఎవరు ఆడినా ఎవరో ఒకరు ఓడాలి. నేను ఓడినప్పుడు పదకొండూ పోగొట్టుకున్నాను, ఎవరైనా జాలిపడ్డారా?

జులై 30

కొట్టంలో ముగ్గురమే. ఒకటి రెండు ఆటలాడి లేచిపోతున్నాం. అమ్మ నాతో మాట్లాడడం లేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా సుంకమ్మతో చెప్పి పెట్టిస్తోంది.

ఆగస్టు 8

కాశన్న ఎర్రగుంట్ల వైపు రాళ్ళ గనిలో పనికి కుదిరాడని అన్నారు. పోయి పది రోజులయిందట. నేయడం తప్ప వేరే పని తెలియని చేతులు. ఈ రోజు బండిలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. నాపరాయి జారి కుడిచేయి నలిగింది.

బొటనవేలు లేదు.

ఆగస్టు 10

పోయాను. అందరూ పోతున్నారు, పోకపోతే బాగుండదు. అంజనమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఎప్పుడూ "రామలింగన్నా, రా" అనే మనిషి చేట పక్కన పెట్టి లోపలికి పోయింది.

కాశన్న నన్ను చూసి నవ్వాడు. అదే నవ్వు. కూర్చోమన్నాడు. ఏం మాట్లాడాలో తోచక, ఆ రోజు నేను ముక్కలు చూపించమనకుండా ఉండాల్సింది అన్నాను. వాడు ఎడమచేత్తో కట్టు మీద వాలిన ఈగను తోలుకున్నాడు.

"నా యేళ్ళు జూసి సూపియ్యమంటివి గదా" అన్నాడు.

నీకెలా తెలుసన్నాను.

"నీ యేళ్ళు గూడా తిరుగుతాయప్పా. మనిద్దరం ఒగే గుంతలో నేర్సినోళ్ళం గదా, ఒగే దెబ్బలు తింటిమి. నువ్వు నీ మొగం జూసుకుంటాంటివి, నేను నీ చెయ్యి జూస్తాంటి. నీ చేతిలో ఏం లేదని తెలిసే పడేస్తాంటి."

ఎందుకు పడేశావని అడిగాను.

"నీవి పదకొండూ పోయె. పడుగొస్తే నీకు దిక్కెవురు? మల్ల నిలదొక్కుకుంటే ఆపుతావులే అనుకుంటి" అన్నాడు.

అంజనమ్మ లోపలి నుంచి, ఇంక పడుకోమని వాణ్ణి కేకేసింది. లేచి వచ్చేశాను.

అబద్ధం. ఓడినవాడు అలాగే చెబుతాడు. ఏప్రిల్ నుంచి జులై దాకా నేను పడ్డ కష్టం, రాసుకున్న నియమాలు, అద్దం ముందు సాధన, అంతా వాడి దయా?

ఆగస్టు 11

అద్దాన్ని గోడ మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఐదు ముక్కలు తీశాను. ఏమీ పడలేదు.

తిరుగుతున్నాయి.

ఆగస్టు 12

పేక ముక్కలు పొయ్యిలో వేశాను. గింజల డబ్బా వేయలేదు. అవి ఆటవి కావు, ముయ్యిలు.

కాశన్నకు ఏడు గింజలు తిరిగి ఇచ్చి రావాలి. రేపు.

ఆగస్టు 13

ముసురు పట్టింది. రేపు.

ఆగస్టు 20

ఇప్పుడు ఇస్తే వాడేం చేసుకుంటాడు? మగ్గమా ఉంది, వేలా ఉంది? పుండు మీద కారం చల్లినట్టుంటుంది. ఇవ్వకపోవడమే మర్యాద.

సెప్టెంబరు 2

సాహుకారు పిలిచి కర్నూలు చీరల నూలు నాకిచ్చాడు. ఎనభై నెంబరు. కాశన్న నేయవలసినవే. ఇది కూడా పాడైతే నా మగ్గం కూడా బండి ఎక్కుతుందని నవ్వుతూ చెప్పాడు.

శనివారం పడుగు. సుంకమ్మను ఇంటింటికీ పోయి పిలవమన్నాను. నేను పోనంటే పోనన్నది. పెళ్ళయిన పదమూడేళ్ళలో మొదటిసారి కాదన్నది. నేనే పోయాను. తొమ్మిది ఇళ్ళు. ఎవరూ రామనలేదు. వస్తామని కూడా అనలేదు. "సూద్దాంలే" అన్నారు. కాశన్న ఇంటికి పోలేదు.

సెప్టెంబరు 4

రేపు ఎవరూ రాకపోతే?

ఇరవై ఆరు గింజలు మూడుసార్లు లెక్కపెట్టాను. రాకపోతే నేను, సుంకమ్మ, అమ్మ. అమ్మ వస్తుందో రాదో.

సెప్టెంబరు 5, శనివారం, పొద్దున ఎనిమిది

వచ్చారు! నాలుగు కాకముందే వీధంతా మనుషులు. తిమ్మయ్య, పుల్లయ్య, వాళ్ళ ఆడవాళ్ళు, తొమ్మిది ఇళ్ళ వాళ్ళూ. ఎనిమిది మంది పనికి అంతమంది! కుంచెలు చాలక వంతులు వేసుకుని దువ్వారు. మా నాయన కాలంలో కూడా ఇంతమంది ఒక పడుగు దగ్గర నిలబడలేదు. గాలి లేచేసరికి పడుగు ఆరిపోయింది. ఒక్క పోగు అంటుకోలేదు, ఒక్క పోగు తెగలేదు. ఇంత మంచి పడుగు నా జన్మలో చూడలేదు.

అనవసరంగా భయపడ్డాను. మనవాళ్ళు మనవాళ్ళే. సుంకమ్మను అందరికీ బెల్లం పానకం కలపమన్నాను. మళ్ళీ రాస్తాను, పిలుస్తున్నారు.

అదే రోజు, మధ్యాహ్నం

పానకం అలాగే ఉంది.

పుల్లయ్య గింజల డబ్బా తెమ్మన్నాడు. తెచ్చాను. అరుగు మీద పెట్టమన్నాడు. ఒక్కొక్కరే వచ్చి ఒక్కో గింజ తీసుకున్నారు. తీసుకుని వీధిలో పారేసి పోయారు. ఆడవాళ్ళూ తీసుకున్నారు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిమ్మయ్య తీసుకునేటప్పుడు నా మొహం చూడకుండా, తీరిపాయ అన్నాడు. అప్పుడు నాకు తెలిసింది, గింజ తీసుకునేవాళ్ళు సరిగ్గా ఇరవై ఆరు మంది. లెక్క పెట్టుకుని వచ్చారు.

డబ్బా ఖాళీ అయ్యాక చివరికి అంజనమ్మ నిలబడి ఉంది. మొదటి నుంచీ కుంచె పట్టిందట, ఆ గుంపులో నేను చూడలేదు. పందెం ప్రకారం వాళ్ళు రావలసిన ఏడు గింజలు కూడా వీధివాళ్ళే తలా ఒకటి పంచుకుని తీర్చారట.

"నాకు గింజేం లేదు" అన్నది. "ఆ పొద్దు మీ యమ్మ గంజికుండ ఎత్తుకోని మా పడుగుకాడికి వచ్చె. అదొకటి మా మీద ఉండె. తీర్చిపోదామని వస్తి. ఇంగ మీ ఇంటికీ మా ఇంటికీ ఏం లేదు."

రామలింగన్నా అని కూడా అనలేదు.

గడపలో కూర్చున్న అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఒక్కటీ మిగలాలనే ఆ రోజు అమ్మ పోయిందేమో. ఇప్పుడు అదీ లేదు. ఈ వీధిలో ఎవరూ నాకు బాకీ లేరు. నేనూ ఎవరికీ బాకీ లేను.

సెప్టెంబరు 9

నేస్తున్నాను. నూలు చక్కగా వస్తోంది. పోగు తెగడమే లేదు.

అక్టోబరు 1

రాష్ట్రం వచ్చిందని బడిలో పిల్లలకు పప్పు బెల్లాలు పంచారు. కర్నూలులో గుడారాలు వేసి ఆఫీసులు పెట్టారని పుల్లయ్య ఎవరికో చెబుతుంటే గోడ ఇవతలి నుంచి విన్నాను.

తెల్లవారుజామున తిమ్మయ్య ఇంటి ముందు పడుగు పరిచారు. పొడవు పడుగు, మా గడప ముందు దాకా వచ్చింది. నన్ను పిలవలేదు. లోపలి నుంచి లెక్కపెట్టాను, ఏడుగురే ఉన్నారు. కొస పట్టి లాగడానికి ఇంకో మనిషి కావాలి. కుంచె తీసుకుని గడపలోకి వచ్చి నిలబడ్డాను. పడుగుకూ నాకూ మధ్య మూడు అడుగులు లేవు.

తిమ్మయ్య నన్ను చూశాడు. తర్వాత వీధి ఆ కొసకు తిరిగి కేక పెట్టాడు.

కాశన్న వచ్చాడు. కట్టు ఉన్న చెయ్యి వీపు వెనక పెట్టుకుని, అవతలి కొసన పడుగు తాడు నడుముకు చుట్టుకుని, ఒళ్ళు వెనక్కి వాల్చి బిగించి నిలబడ్డాడు. ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఏమన్నాడో నాకు వినిపించలేదు.

ఎండ గడప మీదికి ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను. పడుగు చుట్టి అందరూ వెళ్ళిపోయాక కుంచె తెచ్చి లోపల మూలన పెట్టాను.